నాయనకు ఇంట్లోనే సేవ: ఒక మాజీ సైనికుడి కూతురి అనుభవం

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు మాజీ సైనికుడికి పెద్దగా లోటు ఉండదు. మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉంటే పరీక్షలు, ఆపరేషన్లు, మందులు జరిగిపోతాయి. ఇంటికి పంపించిన మర్నాటి నుంచే అసలు కష్టం మొదలవుతుంది. పక్షవాతం వచ్చిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పొరబోకుండా తినిపించాలి. ఒళ్లు తుడవాలి, పక్క మార్చాలి, రాత్రిళ్లు మేలుకోవాలి. ఈ పనులు ఎవరు చేయాలి, ఎవరు నేర్పాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్నది ఏ డిశ్చార్జి కాగితంలోనూ ఉండదు. 2024 ఎండాకాలం నుంచి మా నాయన విషయంలో మేము పడినదీ, నేర్చుకున్నదీ రాస్తున్నాను. మిలిట్రీలో చేసి ఇప్పుడు ముసలితనంలో ఉన్నవాళ్ల ఇళ్లలో ఎవరికైనా పనికొస్తుందని నా ఆశ.

మాది గిద్దలూరు దగ్గర పల్లె. ఈ చుట్టుపక్కల మిలిట్రీకి పోని ఇల్లు వెతికితేగానీ దొరకదు. నాయన 1964లో సైన్యంలోని ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో చేరాడు. చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని పెంచుతూ పెద్ద ఎత్తున మనుషుల్ని తీసుకుంటున్న రోజులవి. 1971 డిసెంబరులో శకర్‌గఢ్ సెక్టార్‌లో, బసంతర్ నది దగ్గర మన ట్యాంకులకు దారి చేయడానికి మందుపాతరలు తీసిన ఇంజనీర్లలో ఆయన ఒకడు. 1988లో నాయబ్ సుబేదార్‌గా రిటైరై వచ్చి సేద్యంలో పడ్డాడు. డెబ్బై ఎనిమిదేళ్లు దాటినా తెల్లవారుజామున లేచి, గడ్డం గీసుకుని, బూట్లు వేసుకుని చేలగట్టు మీద నడిచేవాడు.

పక్షవాతం నిద్రలో వచ్చింది. పొద్దున అమ్మ లేపబోతే కుడి చెయ్యి, కుడి కాలు లేవలేదు. మాట లేదు. ఘాట్ దాటించి నంద్యాల తీసుకెళ్లాం. పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల లోపల అయితే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చట. రాత్రి ఏ వేళకు వచ్చిందో ఎవరికీ తెలియదు కాబట్టి అది ఇవ్వలేదు. మేము చేర్పించిన ఆస్పత్రి ఈసీహెచ్‌ఎస్ జాబితాలో లేదు. ఇది చాలామందికి తెలియని విషయం కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఏ ఆస్పత్రిలోనైనా చేర్చొచ్చు, కాకపోతే 48 గంటల లోపల దగ్గరలోని పాలీక్లినిక్‌కు, అంటే ఈ పథకం కింద నడిచే క్లినిక్‌కు, తెలియజేయాలి. మా తమ్ముడు ఫోన్ చేయడమే కాకుండా రాతపూర్వకంగా కూడా పంపాడు. ఆ కాగితం ఉండబట్టే తర్వాత బిల్లులు పెట్టుకోగలిగాం. తిరిగి వచ్చే డబ్బు సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) రేట్ల ప్రకారమే వస్తుంది, మనం కట్టినదంతా రాదు. అదే జాబితాలో ఉన్న ఆస్పత్రి అయితే మన చేతి నుంచి కట్టే పని ఉండదు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, మీకు దగ్గరలో జాబితాలో ఉన్న ఆస్పత్రులేవో కార్డుతో పాటు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఆ గాభరాలో ఎవరికీ ఏదీ గుర్తుకు రాదు.

ఈసీహెచ్‌ఎస్ 2003 ఏప్రిల్ 1న మొదలైంది. 1996కు ముందు రిటైరైన పెన్షనర్లు చందా కట్టనక్కర్లేదు కాబట్టి నాయన పైసా కట్టకుండానే సభ్యుడయ్యాడు. దేశమంతటా 400కు పైగా పాలీక్లినిక్‌లు ఉన్నాయి. ఆ పథకం మా కుటుంబాన్ని ఎన్నోసార్లు నిలబెట్టింది, అమ్మ కంటి ఆపరేషన్ కూడా దాంట్లోనే అయింది. అందుకే దాని మీద నాకు గౌరవం ఉంది. అయితే ఆ ఏర్పాటంతా నడిచి వచ్చే రోగిని మనసులో పెట్టుకుని చేసినట్టుంటుంది. పాలీక్లినిక్‌కు మనిషి రావాలి, డాక్టర్ చూడాలి, రిఫరల్ రాయాలి, మందులు నెలకోసారి తీసుకోవాలి. మంచంలోంచి లేవలేని మనిషిని బస్సు మారి వెళ్లాల్సినంత దూరం ఎలా తీసుకుపోవాలి?

ఇంటికి వచ్చిన తొలి వారం గురించి రాయాలంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టవుతుంది. డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లున్నాయి, మళ్లీ ఎప్పుడు రావాలో ఉంది. మనిషిని ఎలా లేపాలో, ఎలా పడుకోబెట్టాలో ఎవరూ చెప్పలేదు. అమ్మకు డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. నేను బడికి సెలవు పెట్టి వచ్చాను. ఇద్దరం కలిసి నాయన చంకల కింద చేతులేసి లాగేవాళ్లం. ఐదో రోజుకు నడుము కింద, తోక ఎముక దగ్గర చర్మం ఎర్రగా కందింది.

దాన్ని కనిపెట్టింది మా వీధిలోని మిలిట్రీ చిన్నాయన. ఆయన ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాడు. నాయన్ని పలకరించడానికి వచ్చి, దుప్పటి తీసి చూసి, "అమ్మాయ్, ఇది ఇంకో నాలుగు రోజులు ఇట్టాగే ఉంటే పుండు పడుద్ది. పుండు పడితే మాన్పడం మన చేతుల్లో ఉండదు" అన్నాడు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి చూపించాడు. నొక్కి తీసేస్తే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయం ఉన్నట్టట. నొక్కినా తెల్లబడకపోతే లోపల దెబ్బ మొదలైనట్టట. నాయనకు తెల్లబడింది.

ఆ సాయంత్రమే పాఠం మొదలుపెట్టాడు. చంకల్లో చేతులేసి లాగితే పక్షవాతం వచ్చిన భుజం కీలు జారిపోతుందట. చర్మం పరుపుకు రాసుకుని ఊడుతుందట. నడుము కింద నాలుగు మడతలేసిన దుప్పటి పరిచి, ఇద్దరూ చెరో వైపు దాన్ని పట్టుకుని మనిషిని ఎత్తి జరపాలి. పక్కకు తిప్పేటప్పుడు పూర్తిగా తిప్పకుండా వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా వాల్చాలి. మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒకటి. మడమలు పరుపుకు తగలకుండా గాల్లో ఉండాలి. చచ్చుబడిన చేతిని ఎప్పుడూ దిండు మీద పెట్టాలి. గోడ మీద కాగితం అంటించి గంటలు రాశాడు: ఎడమ, వెల్లకిలా, కుడి. ఎవరు తిప్పితే వాళ్లు సంతకం పెట్టాలి. రాత్రి వంతులకు ఆయన పెట్టిన పేరు సెంట్రీ డ్యూటీ. పది నుంచి పన్నెండు నాది, రెండింటికి తమ్ముడిది, నాలుగింటికి లేచే అలవాటు ఎలాగూ అమ్మకుంది. గాలి నింపే పరుపు కొన్నాం. ఎరుపు పోయింది, పుండు పడలేదు.

తినిపించడం ఇంకా కష్టమనిపించింది. మంచినీళ్లు తాగిస్తే దగ్గు వచ్చేది. పలచని నీళ్లే గొంతులో తొందరగా జారి ఊపిరితిత్తుల వైపు పోతాయనీ, దాంతో న్యుమోనియా వస్తుందనీ ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ హడావుడిలోనే చెప్పింది. చిక్కటి రాగి జావ, మెత్తగా కలిపిన సంగటి, పప్పుకట్టు బాగా దిగేవి. మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతో, మంచివైపు బుగ్గలోకి పెట్టాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. తిన్నది చచ్చుబడిన బుగ్గలో ఉండిపోతుంది కాబట్టి తడిగుడ్డతో తుడవాలి. ఇవన్నీ ఒక గంట కూర్చోబెట్టి చెప్తే ఏ ఇల్లాలైనా నేర్చుకుంటుంది. ఆ గంట కేటాయించే మనిషి ఆస్పత్రిలోనూ, బయటా ఎక్కడా లేకపోవడమే నాకు బాధ.

మాట విషయంలో ఒక వింత జరిగింది. నాయనకు తెలుగు మాట ఒక్కటీ రాలేదు. మూడో వారంలో నేను జావ తాగిస్తుంటే "ఠీక్ హై సాబ్" అన్నాడు స్పష్టంగా. ఆ తర్వాత ఏమడిగినా అదే. నొప్పా అంటే ఠీక్ హై, ఆకలా అంటే ఠీక్ హై. పక్షవాతంలో మాట పోయినవాళ్లకు బాగా అలవాటైన ముక్క ఒకటి అలా మిగిలిపోతుందని తర్వాత డాక్టర్ చెప్పారు. అమ్మ ఏడ్చింది. చిన్నాయన మాత్రం మంచం పక్కన కూర్చుని ఆయనతో హిందీలో మాట్లాడడం మొదలుపెట్టాడు. యూనిట్ల పేర్లు, లంగర్‌లో (సైన్యం వంటశాలలో) పూరీలు, పఠాన్‌కోట్ చలి. నాయన కళ్లల్లో వెలుగు కనపడేది. ఊర్లోని మిగతా మాజీ సైనికులు కూడా ఒక్కొక్కరే రావడం మొదలైంది. మాట తిరిగి రావడానికి ఆ సాయంత్రాలే ఎక్కువ సాయపడ్డాయని నా గట్టి నమ్మకం. ఇప్పుడు తెలుగులో చిన్న చిన్న మాటలు అంటాడు.

ఫిజియోథెరపీ దగ్గర నాకు బాగా కోపం వచ్చింది. మొదటి మూడు నెలల్లో చేయించినంత మేలు తర్వాత జరగదని అందరూ చెప్పేవాళ్లే. చేసే మనిషి పాలీక్లినిక్‌లో ఉంటారు, ఇంటికి రావడానికి ఏర్పాటు లేదన్నారు. టౌన్ నుంచి ప్రైవేట్ అబ్బాయిని పిలిపించాం, దూరం వల్ల వారానికి రెండుసార్లే రాగలిగాడు. మిగతా రోజుల్లో వ్యాయామాలు చేయించడం మాకు నేర్పించాడు, తమ్ముడు వాటిని ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు. నాయన ఇప్పుడు ఒక మనిషి పట్టుకుంటే లేచి నిలబడతాడు, చక్రాల కుర్చీలోకి మారతాడు. రోజూ వచ్చే మనిషి ఉండి ఉంటే నాలుగడుగులు వేసేవాడేమో అన్న బాధ నన్ను వదలదు.

ఇంట్లో ఒక మనిషిని పెట్టుకుందామని ఏజెన్సీని అడిగితే, వాళ్లు చెప్పిన మొత్తం నాయన పెన్షన్‌లో సగానికి పైనే ఉంది. తిండి, పడక అదనం. పాలీక్లినిక్‌లో అడిగితే పథకంలో ఇంటి దగ్గర మనిషికి డబ్బు రాదన్నారు. చక్రాల కుర్చీ, నెబ్యులైజర్, ఆక్సిజన్ మిషన్ లాంటి వస్తువులకు డాక్టర్ రాసిస్తే వస్తుంది. మనిషి సాయానికి రాదు. సైన్యంలో కాన్‌స్టంట్ అటెండెన్స్ అలవెన్స్ అని ఒకటి ఉంది. సర్వీసు కారణంగా నూటికి నూరు శాతం వైకల్యం వచ్చి, ఎప్పుడూ తోడు కావాలని మెడికల్ బోర్డు చెప్పినవాళ్లకే అది. ముసలితనంలో పక్షవాతం వచ్చిన వాడికి వర్తించదు. నియమం ఎందుకలా ఉందో నాకు అర్థమవుతుంది. అయినా మందుపాతరలు తీసిన మనిషికి ఎనభయ్యో ఏట పక్క మార్చే చెయ్యి కావాల్సి వస్తే, అది పూర్తిగా డెబ్బై నాలుగేళ్ల అమ్మ చెయ్యే కావాలనడం సరైందని నేను ఒప్పుకోలేను.

కొంత ఊరట 2025లో వచ్చింది. ఎనభై నిండితే మూల పెన్షన్ మీద 20 శాతం అదనంగా ఇస్తారు. ఎనభై ఐదుకు 30, తొంభైకి 40, తొంభై ఐదుకు 50, నూరేళ్లకు 100 శాతం. నాయన డిశ్చార్జి బుక్‌లో ఒక పుట్టిన తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ. రక్షణ శాఖ పెన్షన్ వెబ్‌సైట్ స్పర్శ్‌లో వివరాలు చూసుకుంటే ఈ తేడా బయటపడింది. పాత డిశ్చార్జి బుక్ అమ్మ ట్రంకు పెట్టెలో భద్రంగా దాచి ఉంచడం మా అదృష్టం. దాన్ని పెట్టి ఆధార్ సరిచేయించాం. ఇంట్లో ఎనభైకి దగ్గరవుతున్నవాళ్లు ఉంటే, ముందుగానే ఈ రెండు తేదీలూ సరిచూసుకోండి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కు కూడా మంచం పట్టినవాళ్లు ఎక్కడికీ పోనక్కర్లేదు. నాయన వేలిముద్రలు అరిగిపోయి మిషన్ తీసుకోలేదు. ఫోన్‌లో ముఖం చూపించి చేసే జీవన్ ప్రమాణ్‌తో మంచంలోనే అయిపోయింది. పోస్టాఫీసు వాళ్లను పిలిస్తే కూడా ఇంటికే వచ్చి చేస్తారు.

ఆ అదనపు డబ్బుతో మా ఊరి కుర్రాణ్నే ఒకణ్ని పగటి పూటకు పెట్టుకున్నాం. డిగ్రీ ఆపేసి ఖాళీగా ఉన్నాడు. చిన్నాయన రెండు వారాలు పక్కన నిలబడి అతనికి అన్నీ నేర్పాడు. నాయనకు పొద్దున్నే గడ్డం గీయడం అతని మొదటి పని. గడ్డం గీయించుకోకపోతే నాయన జావ ముట్టడు.

ఇదంతా చూశాక ఊర్లోని మాజీ సైనికుల సంఘం వాళ్లు మిగతా ఇళ్లు కూడా తిరిగారు. మేము ఒక్కళ్లమే అనుకున్నాం గానీ, మంచం పట్టినవాళ్లు, ఒంటరిగా ఉన్న సైనికుల భార్యలు చుట్టుపక్కల పల్లెల్లో చాలామందే ఉన్నారు. ఒకాయన ఐదేళ్లే సర్వీసు చేసి వచ్చేసినవాడు. పెన్షన్ లేదు, పెన్షన్ లేదు కాబట్టి ఈసీహెచ్‌ఎస్ కూడా లేదు. హవల్దార్ వరకూ ర్యాంకు ఉండి, పెన్షన్ లేని 65 ఏళ్లు దాటినవాళ్లకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా ఇచ్చే సాయం ఒకటుంది. 2025 నవంబరు నుంచి దాన్ని 4,000 నుంచి 8,000 రూపాయలకు పెంచారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టాలి. ఆయనకు ఆ సంగతే తెలియదు. సంఘం వాళ్లు ఆయన చేత దరఖాస్తు పెట్టించారు.

సంఘం గదిలో ఇప్పుడు కొన్ని వస్తువులున్నాయి. చనిపోయినవాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన చక్రాల కుర్చీలు, కమోడ్ కుర్చీ, వాకర్లు, మేము ఇచ్చిన రెండో గాలి పరుపు. కావాల్సినవాళ్లు పట్టుకెళ్లి, అక్కర తీరాక తెచ్చిస్తారు. నెలకోసారి ఒక మనిషి అందరి కార్డులు, చీటీలు తీసుకుని పాలీక్లినిక్‌కు వెళ్లి మందులు తెస్తాడు. రాలేనివాళ్ల తరఫున ఇలా తీసుకోవడానికి అక్కడి ఆఫీసర్ ఇన్‌ఛార్జి పెద్దమనసుతో ఒప్పుకున్నారు, మంచం పట్టినట్టు డాక్టర్ రాసిన కాగితం జతచేస్తే చాలన్నారు. మా ఊరి ఏఎన్‌ఎం, ఆశా అమ్మాయి కూడా చాలా మంచివాళ్లు. 104 బండి వచ్చిన రోజు డాక్టర్‌ను మా ఇంటిదాకా తీసుకొచ్చి బీపీ, షుగర్ చూపిస్తారు. ఆ డాక్టర్ రాసింది పాలీక్లినిక్ డాక్టర్‌కు చేరదు, పాలీక్లినిక్‌లో మార్చిన మందు ఈయనకు తెలియదు. మధ్యలో ఒక నోటు పుస్తకం పెట్టి నేనే రాస్తున్నాను. ఈ రెండు వైద్యాలనూ కలిపే బాధ్యత ఒక నర్సుకు అప్పగిస్తే ఎంతమంది ముసలివాళ్లు అనవసరంగా ఆస్పత్రి పాలు కాకుండా ఉంటారో!

మా పెదనాయన కొడుకు టెక్సాస్‌లో మాజీ సైనికుల ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్ట్. నాయన సంగతి చెప్పినప్పుడు అక్కడి పద్ధతి వివరించాడు. మంచం పట్టిన మాజీ సైనికుడి ఇంటికే డాక్టర్, నర్సు, ఫిజియోథెరపిస్ట్, సోషల్ వర్కర్ కలిసి ఒక జట్టుగా వస్తారట. ఇంకో పథకంలో నెలకు ఇంత అని డబ్బు లెక్కగట్టి, దాంతో కావాల్సిన మనిషిని ఆ సైనికుడే పెట్టుకోవచ్చట. ఆ మనిషి సొంత కూతురైనా, పక్కింటివాడైనా ఫర్వాలేదట. ఇంట్లో సేవకు పెట్టే ఖర్చు నర్సింగ్ హోమ్ ఖర్చులో 65 శాతం దాటకూడదన్న పరిమితిని 2025 జనవరిలో వచ్చిన చట్టంతో నూరు శాతానికి పెంచారు. అక్కడా క్యూలు, మనుషుల కొరత ఉన్నాయనే చెప్పాడు. వాళ్ల డబ్బు మన దగ్గర లేదు, నిజమే. అయితే మన దగ్గర వాళ్లకు లేనిది ఒకటుంది. గిద్దలూరు లాంటి చోట ప్రతి ఊర్లోనూ చిన్నాయన లాంటి రిటైరైన నర్సింగ్ అసిస్టెంట్లు ఉన్నారు. వాళ్ల చేతుల్లో పని ఉంది, తోటి సైనికుల మీద అభిమానం ఉంది. నెలకు కొంత గౌరవ వేతనం ఇచ్చి, పాలీక్లినిక్ తరఫున ఇల్లిల్లూ తిరగమంటే కాదనేవాడు ఒక్కడూ ఉండడు.

2026 జనవరి 14న, మాజీ సైనికుల దినం నాడు, సంఘం తరఫున వినతిపత్రం ఇచ్చాం. దాన్ని రాసింది నేనే. ఎనభై దాటిన, మంచం పట్టిన సభ్యుల ఇంటికి నెలకోసారి పాలీక్లినిక్ నుంచి నర్సు రావాలి. డిశ్చార్జి చేసేటప్పుడు ఇంట్లోవాళ్లకు ఒక పూట శిక్షణ ఇవ్వాలి. మొదటి మూడు నెలలు ఇంటి దగ్గర ఫిజియోథెరపీకి డబ్బు ఇవ్వాలి. ఇంట్లో పెట్టుకున్న మనిషి జీతంలో కొంత భాగమైనా భరించాలి. సేవ చేసే భార్యకు ఏడాదిలో కొన్ని రోజులైనా విశ్రాంతి దొరికేలా, రోగిని తాత్కాలికంగా చూసుకునే చోటు జిల్లాకు ఒకటి ఉండాలి. ఈ చివరిది అమ్మ అడిగి రాయించింది. అక్క కూతురి పెళ్లికి కూడా ఆమె వెళ్లలేకపోయింది.

వినతిపత్రం అందిందని జవాబు వచ్చింది, పైకి పంపామన్నారు. శిక్షణ విషయం స్థానికంగా చూస్తామన్నారు. మేము ఆగలేదు. చిన్నాయన ప్రతి నెలా రెండో ఆదివారం సంఘం గదిలో తిప్పడం, తినిపించడం, పుండు కనిపెట్టడం నేర్పుతున్నాడు. పోయిన నెల పక్క ఊళ్ల నుంచి కోడళ్లు, కూతుళ్లు వచ్చారు. పడుకున్న మనిషిలా నటించడానికి మా కుర్రాడు మంచం ఎక్కాడు. ఈ ప్రాంతంలో ఎవరింట్లోనైనా మంచం పట్టిన సైనికుడు గానీ, ఆయన భార్య గానీ ఉంటే వచ్చి నేర్చుకోండి. డబ్బేమీ తీసుకోరు. కార్డు, డిశ్చార్జి బుక్ కూడా వెంట తెచ్చుకోండి, రాసిపెట్టాల్సిన దరఖాస్తులు ఏమైనా ఉంటే నేను అక్కడే కూర్చుని రాసిపెడతాను.